ఎర్ర కాలనీలు సరే, కంట్రోల్ ప్లేటేదీ?

అమ్ములూ,

ఈస్ట్‌లోని ఏడీఈ2 అనే జన్యువును క్రిస్పర్‌తో (డీఎన్‌ఏను కావాల్సిన చోట కత్తిరించే పద్ధతి) చెడగొట్టిన నీ ప్రయోగం ఫొటో చూశాను. ప్లేటు నిండా ఎర్ర చుక్కలే, అంటే ఎర్రబడిన ఈస్ట్ కణాల గుంపులు, కాలనీలు! రాకపోతే ఎలా అని నువ్వు పడ్డ టెన్షన్ తీరింది. మీ నాన్న వెంటనే దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టేశారు. పిన్ని "ఏంటది, బూజు పట్టిందా?" అని అడిగింది.

నేను అడిగేది వేరు. పోల్చి చూడటానికి కంట్రోల్ ప్లేటు, అంటే ఎక్కడ కత్తిరించాలో చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ లేకుండా మిగతావన్నీ వేసిన ప్లేటు, ఎలా ఉంది? అక్కడ కాలనీలు తెల్లగా ఉంటేనే ఈ ఎరుపు క్రిస్పర్ వల్ల వచ్చిందని నువ్వు గట్టిగా చెప్పగలవు. ఏడీఈ2 జన్యువు దానంతటది చెడినా ఈస్ట్ ఎర్రబడుతుంది, అరుదుగానే అనుకో. అలాగే గైడ్ వేసి, అతుక్కోవడానికి డీఎన్‌ఏ ముక్క ఇవ్వని ప్లేటు చూడు. క్రోమోజోమ్ తెగి, అతకలేక చాలా కణాలు చచ్చిపోతాయి కాబట్టి కాలనీలు బాగా తక్కువుండాలి.

ఆ జన్యువు పోతే, డీఎన్‌ఏకు కావాల్సిన అడినిన్ తయారీ మధ్యలో ఆగుతుంది. అక్కడ పేరుకున్న పదార్థమే కణంలోని వాక్యూల్ అనే సంచిలో చేరి ఎర్రబడుతుంది. ఈస్ట్‌కు ఆహారంగా పోసిన మీడియంలో అడినిన్ దండిగా ఉంటే రంగు రాదు. ప్లేటును ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకాస్త ముదురుతుంది.

ఒక్కో ఎర్ర కాలనీనీ భూతద్దంతో చూడు. మధ్య నుంచి అంచు దాకా తెల్లటి చీలిక కనిపిస్తే, బహుశా అక్కడి కణాలకు శ్వాస జరిపే మైటోకాండ్రియా దెబ్బతింది. ఏడీఈ2 పోయినా, శ్వాస లేని కణానికి ఆ రంగు కట్టదు. ఆ తెల్ల భాగాన్ని గ్లిజరాల్ ప్లేటు మీద గీయి, శ్వాస ఉన్న కణాలే దాని మీద పెరగగలవు. పెరగకపోతే సంగతి అదే. తెల్లగా ఉన్నవన్నీ ఫెయిలైనవని కొట్టేయకు.

ఈస్ట్ అంటే పిల్లల ఆట అనుకోకు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా తయారైంది ఈస్ట్‌లోనే. ఆ ఈస్ట్ పికియా అనే ఇంకో రకం.

సెలవులకు వచ్చాక మన వంటింట్లో మళ్లీ చేద్దామన్నావు, కుదరదు. మన దేశంలో జన్యుమార్పిడికి 1989 నుంచీ నియమాలున్నాయి, సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఒప్పుకోవాలి. మీ ల్యాబ్‌లోనైనా ప్లేట్లు ఆటోక్లేవ్ చేయకుండా (ఒత్తిడితో కూడిన ఆవిరిలో కణాలన్నీ చంపకుండా) చెత్తలో వేయకు, పెద్దమ్మ వాళ్లింటికి అసలే తీసుకెళ్లకు.

ఇంట్లో చేయాలంటే బేకరీ ఈస్ట్, చక్కెర, గోరువెచ్చని నీళ్లు చాలు. ఏ వేడికి ఎంత పొంగుతుందో కొలుద్దాం. థర్మామీటర్ నేను తెస్తాను, సీసాలు నువ్వు కడుగు.

మీ అమ్మ