హెచ్-ఇండెక్స్ ఒక్కటే రాస్తే సరిపోదు

సంపాదకులకు,

శాస్త్రవేత్తకు పురస్కారమో పదోన్నతో వచ్చినప్పుడు వార్తలో ‘ఇన్ని పరిశోధన పత్రాలు, ఇన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత’ అని ఒక వాక్యం తప్పకుండా పడుతుంది. సైటేషన్ అంటే ఒక పత్రాన్ని మరో పత్రం ఉదహరించడం. సముద్ర శాస్త్రం విషయంలో ఆ వాక్యం తరచూ పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. లెక్క సులువే. పత్రాలను సైటేషన్లు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దానికి పేర్చి, వరుస సంఖ్య కంటే సైటేషన్లు తగ్గే చోట ఆగాలి. దానికి ముందున్న వరుస సంఖ్యే ఇండెక్స్. ఒకరి పత్రాలకు 95, 60, 41, 22, 14, 9, 8, 6, 3, 1 ఉన్నాయనుకుందాం. ఏడో పత్రానికి 8 ఉన్నాయి, ఎనిమిదో దానికి 6 మాత్రమే. కాబట్టి ఇండెక్స్ 7. మొదటి పత్రానికి 95 బదులు 950 వచ్చినా అది 7 దగ్గరే ఉంటుంది. ఎనిమిదో పత్రాన్ని మాత్రం ఆయనే తన రెండు కొత్త పత్రాల్లో ప్రస్తావించుకుంటే చాలు, 8 అయిపోతుంది!

ఆ సంఖ్య ఎక్కడి నుంచి తీశారో కూడా రాయాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, నివేదికలను, సమీక్షకు ముందే బయటపెట్టే ప్రీప్రింట్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లు ప్రధానంగా తాము ఎంచుకున్న జర్నళ్లను చూస్తాయి. అందుకే ఒకే మనిషికి మూడు చోట్లా మూడు అంకెలు. ఇంటిపేరు, పొడి అక్షరాలు కలిసిన ఇద్దరి పత్రాలు ఒకరి ఖాతాలో పడడమూ మామూలే. పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే ఆర్కిడ్ అనే 16 స్థానాల గుర్తింపు సంఖ్యతో సరిచూస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

అసలు ఇబ్బంది కొలతల దగ్గర ఉంది. నౌక నుంచి దించే సీటీడీ పరికరం నీటి విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత, పీడనం కొలుస్తుంది. వాటి నుంచి లవణీయతను లెక్కిస్తారు. సెన్సర్‌పై జీవపదార్థం పేరుకుంటే రీడింగ్ మెల్లగా పక్కకు జరుగుతుంది. అందుకే ఎంచుకున్న లోతుల్లో సీసాలకు నీళ్లు పట్టి, సాలినోమీటర్‌తో కొలిచి సరిదిద్దుతారు. సముద్రంలో వదిలేసే ఆర్గో ఫ్లోట్లు అనే స్వయంచాలిత పరికరాలకు ఆ వీలు లేదు. అవి 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, సుమారు పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ కొలిచి, ఉపగ్రహానికి పంపుతాయి. లవణీయతలో ఆశించే కచ్చితత్వం 0.01. ఫ్లోట్‌ను మళ్లీ పట్టి తేవడం చాలా అరుదు. కనుక చుట్టుపక్కల నౌకల కొలతలతో పోల్చి సవరించాలి, ఒక్కోసారి దానికి ఏడాది పడుతుంది. ఆ సవరణ జరక్కపోతే పాడైన సెన్సర్ తప్పు కాస్తా ‘సముద్రం ఉప్పెక్కుతోంది’ అనే ఫలితంగా పదిమంది పత్రాల్లోకి చేరుతుంది.

ఈ పని చేసినవారికి దక్కేది చాలాసార్లు పత్రం చివర కృతజ్ఞతల్లో ఒక పంక్తి. సైటేషన్ లెక్కలో దానికి చోటు లేదు. డేటాసెట్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య (డీఓఐ) రిఫరెన్సుల జాబితాలో ఉంటేనే లెక్కకు ఆస్కారం. మరోపక్క, నౌకాయాత్ర పత్రంపై యాభై మంది పేర్లుంటే యాభై మందికీ పూర్తి సైటేషన్ జమవుతుంది. ఎవరు ఏం చేశారో చెప్పడానికి క్రెడిట్ (CRediT) అనే వర్గీకరణ పద్ధతిలో 14 పాత్రలున్నాయి, చూసేవారే తక్కువ.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే గత రెండేళ్లలో వచ్చిన పత్రాలకు ఈ ఏడాది పడిన సైటేషన్ల సగటు. అది జర్నల్‌కు చెందిన అంకె, మనిషికి అతికించేది కాదు. పైగా సముద్ర శాస్త్రానికి రెండేళ్లు ఏ మూలకు? నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనాల తేడాలతో సాగే ఉష్ణ-లవణ ప్రసరణకు రెండు స్థిర స్థితులు ఉండొచ్చని సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ 1961లో చూపారు. 1980ల దాకా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఎక్‌మన్ 1905 పత్రానిది ఇంకో తీరు. గాలి సముద్రపు పైపొరను ఎలా కదిలిస్తుందో చెప్పిన పత్రం అది. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోవడంతో ‘ఎక్‌మన్ పొర’ అని రాసేవారిలో చాలామంది మూల పత్రాన్ని ఉదహరించరు.

మీ విలేకరులు ఇకపై అంకెతోపాటు అది ఏ డేటాబేస్‌లోది, ఏ తేదీ నాటిది అని రాయాలని మనవి. ఎన్ని పత్రాల్లో ఆయన లేదా ఆమె మొదటి రచయితో, సేకరించిన కొలతలు ఎక్కడ అందరికీ అందుబాటులో ఉన్నాయో అడగండి. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబుకే వార్తలో ఎక్కువ చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు