సుండిపెంట వాళ్లకు, ఆ బస్సు డ్రైవర్ గారికి, గుంటూరు నుంచి

పోయిన శనివారం సాయంత్రం దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లినవాళ్లకి, తుమ్మలబైలు దాటాక బానెట్ ఎత్తి ఉన్న ఒక తెల్ల కారు, పక్కనే రోడ్డు మీద నిలబడ్డ ఇద్దరు పెద్దవాళ్లు, ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం తిరుగుతున్న ఒకావిడ కనిపించి ఉంటారు. ఆ తిరుగుతున్నది నేను. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆ రోజు సాయం చేసినవాళ్లకి అక్కడే సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను. సగంమంది చెప్పనివ్వలేదు కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎందుకెళ్లామో చెప్పాలి. మా నాన్న 1972లో శ్రీశైలం ప్రాజెక్టులో వర్క్ ఛార్జ్‌డ్ ఉద్యోగిగా చేరి పన్నెండేళ్లు చేశారు. 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన డ్యామ్ అది, పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. డ్యామ్ పనివాళ్ల కోసం కట్టిన సుండిపెంట కాలనీలోనే మా అన్నయ్య పుట్టాడు. నేను పుట్టేనాటికి వాళ్లు గుంటూరు వచ్చేశారు కాబట్టి నాకు ఆ ఊరు నాన్న మాటల్లో విన్నదే. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. షుగరు, మోకాళ్ల నొప్పులు. ఈసారి గేట్లు ఎత్తారని టీవీలో చూపించినప్పుడల్లా లేచి టీవీకి అడుగు దూరంలో నిలబడి లెక్కపెట్టుకునేవారు. పన్నెండు గేట్లలో ఎన్ని లేచాయో యాంకరమ్మ చెప్పేలోపే ఆయన చెప్పేసేవారు. మా ఆయనకి హైదరాబాద్‌లో డ్యూటీ, అన్నయ్య ఉండేది బెంగళూరులో. సరే, నేనే తీసుకెళ్తానని బయల్దేరాను.

బయల్దేరడమే ఆలస్యం. అమ్మ పులిహోర కలిపి, దద్దోజనం కలిపి, ఇంకేవో డబ్బాల్లో సర్దేసరికి బ్రాడీపేటలో పదకొండు దాటింది. నరసరావుపేట, వినుకొండ మీదుగా త్రిపురాంతకం చేరాక, శ్రీశైలానికి తూర్పు ద్వారం ఇదేనని అమ్మ అక్కడా ఆగింది. ద్వారంలో దణ్ణం పెట్టకుండా లోపలికెలా పోతామంటుంది. దోర్నాల చెక్‌పోస్ట్ దాటేసరికి నాలుగు. అది పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారు. ఇంకా చాలా టైముంది కదా అనుకున్నాను.

ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోవడం నేను చూడలేదు. చూసింది నాన్న. "అమ్మా, పక్కకి ఆపు" అన్నారు. ఆపేలోపే బానెట్ కింద నుంచి పొగ. రేడియేటర్ పై హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలిపోయి, కూలెంట్ అంతా రోడ్డు మీద పచ్చగా కారిపోతోంది. అంతకు రెండు రోజుల ముందే గుంటూరులో సర్వీసింగ్ చేయించాను. బిల్లులో "హోస్‌లు చెక్ చేశాం" అని టిక్కు కూడా ఉంది. ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయను, వాళ్లతో నేను వేరే మాట్లాడుకుంటాను.

అడవిలోకి ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోకూడదు కాబట్టి మా దగ్గరున్న నీళ్లు అమ్మ తెచ్చిన స్టీలు కూజాలోవే. అవైనా పోద్దామని గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాను. వెనక నుంచి ఒక కేక: "మూత ముట్టుకోకమ్మా!"

శ్రీశైలం వెళ్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవర్ గారు. శనివారం బస్సు, లోపల నిలబడ్డానికి కూడా చోటు లేదు. అయినా మలుపు దాటించి బస్సు పక్కకు పెట్టి దిగొచ్చారు. వేడి మీద ఆ మూత తిప్పితే లోపలి ఆవిరి మొహాన కొడుతుందని, తన తోటి డ్రైవర్‌కి మెడ దాకా కాలిందని చెప్పారు. నాన్నని చూశారు, ఇన్సులిన్ పర్సు చూశారు, ఇంక నన్నేమీ అడగలేదు. "పెద్దాయన్నీ అమ్మనీ నేను తీసుకుపోతా. సుండిపెంటలో తెలిసిన మెకానిక్ ఉన్నాడు, సిగ్నల్ తగలగానే ఫోన్ చేసి పంపిస్తా. నువ్వు కారులో కూర్చుని అద్దాలు వేసుకో, కోతులొస్తాయి." బస్సులో ఇద్దరు ఆడవాళ్లు లేచి సీట్లిచ్చారు. ఎవరో వేరుశెనగ ఉండలు చేతిలో పెట్టారట, నాన్నకి షుగర్ పడిపోకుండా. కండక్టర్ గారు మాత్రం టికెట్లు కొట్టారు. అమ్మ అది కూడా మెచ్చుకుంటూ చెప్పింది.

బస్సు వెళ్లిపోయాక వచ్చిన నిశ్శబ్దం గురించి ఎక్కువ రాయను. భయమేసింది.

అరగంటకి బైకు మీద ఒక ఫారెస్ట్ వాచర్ వచ్చాడు. ఇరవై అయిదేళ్లుంటాయేమో. మొదట కోప్పడ్డాడు, ఈ రోడ్డులో బండి ఆపకూడదని తెలీదా అని. పైపు చూపించాక కోపం తగ్గింది. బైకు స్టాండు వేసి, "నువ్వు లోపల కూర్చో అక్కా, నేనుంటా" అన్నాడు. అంతే, రెండు గంటలు ఉన్నాడు. తన డ్యూటీ అదేనన్నట్టు రోడ్డుకి అటూ ఇటూ నడుస్తూ, వచ్చే బండ్లకి టార్చి కొడుతూ. కూజా తీసుకుని వాగుకి వెళ్లి మూడుసార్లు నీళ్లు మోసుకొచ్చి మా వెనక సీటు కింద ఉన్న క్యాన్ నింపాడు. చెంచు అబ్బాయి. పులి వస్తుందా అని అడిగితే "అది మనల్ని చూసే ఉంటుందిలే" అన్నాడు, ధైర్యం చెప్తున్నట్టు!

మా నాన్న సుండిపెంటలో చేశారని చెప్తే ఒక మాట చెప్పాడు. వాళ్ల గూడేలని 'పెంట' అంటారట. సుండిపెంట, దోమలపెంట, ఈగలపెంట అన్నీ అలా వచ్చిన పేర్లేనట. మా వైపు పెంట అంటే ఏమిటో మీకు తెలుసు. చిన్నప్పుడు స్కూల్లో మా అన్నయ్య "నేను సుండిపెంటలో పుట్టా" అంటే పిల్లలు నవ్వేవాళ్లని ఏడ్చుకుంటూ వచ్చేవాడు. రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి ముందు చెప్పింది ఇదే, కారు సంగతి తర్వాత.

పులిహోర డబ్బా ఇచ్చాను. రెండు ముద్దలు తిని మా అమ్మ ఎండుమిర్చి లెక్క మీద ఒక కామెంట్ చేసి, మిగతాది ఇంటికి పట్టుకెళ్తానన్నాడు.

ఏడుంబావుకి మెకానిక్ జీపులో వచ్చాడు. సన్నటి వాన. సెల్ లైటు పళ్లతో పట్టుకుని, పైపు చీలిన చివర రెండు వేళ్ల మందం కోసేసి, మిగిలినదాన్ని లాగి రేడియేటర్ మూతికి ఎక్కించాడు. పాత క్లిప్పు తీసి నా అరచేతిలో పెట్టాడు. తుప్పు పట్టి అంచు బ్లేడులా ఉంది. అదే పైపుని కోసింది. కొత్త క్లిప్పు బిగించి, పైన సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, వాగు నీళ్లు పోసి, "నేను ముందు పోతా, నా వెనకే సెకండ్ గేర్లో రండక్కా" అన్నాడు. వాచర్ బైకు మీద మా వెనక వచ్చాడు. శిఖరం చెక్‌పోస్ట్ దగ్గరికి చేరేసరికి ఎనిమిది నలభై. వాచర్ అక్కడ ఆగి చెయ్యి ఊపి వెనక్కి తిరిగిపోయాడు. దిగి ఒక మాట చెప్పడానికి కూడా వీల్లేకపోయింది, వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి.

అమ్మానాన్నలు శ్రీశైలం బస్టాండ్ దగ్గర ఒక టీకొట్టులో ఉన్నారు. డ్రైవర్ గారు వాళ్లని ఆ కొట్టు ఆవిడకి అప్పగించి, "అమ్మాయి వచ్చేదాకా వీళ్లు నీ దగ్గరే" అని చెప్పి డిపో పనికి వెళ్లారట. ఆవిడ నాన్నకి చక్కెర లేని టీ, రెండు ఇడ్లీలు పెట్టి, కొట్టు కట్టేసే వేళైనా కట్టకుండా కూర్చుంది. నా నంబరుకి ఆవిడ ఫోన్ నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. డ్రైవర్ ఆవిడకి, ఆయనే మెకానిక్‌కి, వాచర్ మెకానిక్‌కి, ఇలా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి. పెళ్లిలో నాకు అప్పగింతలప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా అప్పగించలేదు, అమ్మ అన్నమాట ఇది.

మెకానిక్‌కి ఎంతివ్వమంటావంటే క్లిప్పుకి ముప్పై రూపాయలన్నాడు. జీపు డీజిల్‌కి నేను బలవంతం చేస్తే ఇంకో అయిదొందలు తీసుకున్నాడు. "ఇది తాత్కాలికం, పొద్దున మార్కాపురం నుంచి బస్సులో కొత్త పైపు తెప్పిస్తా, షెడ్డుకి రండి" అన్నాడు. షెడ్డు సుండిపెంటలో.

నిజానికి మా ప్లాన్‌లో సుండిపెంట లేదు. దర్శనం, డ్యామ్, వెనక్కి. నాన్న కూడా అడగలేదు. కాలనీ పాడుబడిపోయి ఉంటుంది, చూసి ఏం చేస్తాంలే అని ఊరుకున్నారని తర్వాత తెలిసింది. పైపు బిగించడానికి గంట పడుతుందనేసరికి, "ఇక్కడ నాలుగు వీధులు అవతల..." అని మొదలుపెట్టారు. మెకానిక్ తమ్ముడు స్పానర్ పక్కన పెట్టి, తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. నేనూ అమ్మా వెనక ఆటోలో.

కొన్ని క్వార్టర్ల గోడలకి చెట్లు మొలిచాయి. నాన్న వాళ్లదాన్లో మనుషులున్నారు. తలుపు తీసిన పెద్దావిడ, మేమెవరమో సగం వినగానే లోపలికి రమ్మంది. నాన్న హాల్లో ఆగలేదు, మాట్లాడలేదు, తిన్నగా వంటింట్లోకి వెళ్లి తలెత్తి వెంటిలేటర్ చూశారు. కోతులు రాకుండా అప్పట్లో ఆయన కట్టిన ఇనుప జాలీ ఇంకా ఉంది. నాలుగు మూలలా సైట్లో ఊచలకి కట్టే బైండింగ్ వైరు, రెండు చుట్లు చుట్టి మెలేసిన ముడి, దాని మీద పొరలు పొరలుగా రంగు. "మేం వచ్చాక నాలుగుసార్లు రంగులేయించాం బాబూ, దాన్ని మాత్రం విప్పలేదు. గట్టిగా ఉంది కదా" అంది ఆవిడ. నాన్న స్టూలు అడిగారు. మోకాళ్లు నొప్పులని అమ్మ అరుస్తున్నా ఎక్కి ఆ ముడిని వేలితో ఒకసారి మెలి తిప్పి చూసి దిగారు. కాఫీ తాగాం.

మధ్యాహ్నం లింగాలగట్టు దగ్గర నుంచి డ్యామ్ చూశాం. తుంపర మొహానికి కొడుతుంటే నాన్న చెప్తూనే ఉన్నారు: పూర్తి మట్టం 885 అడుగులని, 2009 అక్టోబర్ వరదకి అది కూడా దాటిందని, ఆ రాత్రుళ్లు తను నిద్రపోలేదని, 308 టీఎంసీలకి కట్టింది ఒండ్రు చేరి ఇప్పుడు 215కి వచ్చిందని. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయని మాత్రం గొంతు తగ్గించి చెప్పారు. ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందట, ఊళ్లవాళ్లు వచ్చి పూజలు చేసుకుంటారట.

వీళ్లందరి పేర్లూ రాద్దామనుకున్నాను. మెకానిక్ వద్దన్నాడు, "పేరు పెడితే అందరూ ముప్పై రూపాయలకే చేయమంటారక్కా" అని. మిగతావాళ్లని అడగడం కుదరలేదు కాబట్టి వాళ్లవీ రాయట్లేదు. వచ్చిన భక్తుల లెక్క రాసుకునే సాక్షి గణపతి చేతిలో ఎటూ పుస్తకమూ ఘంటమూ ఉన్నాయి కదా, తిరుగు ప్రయాణంలో ఆయన దగ్గర ఆగి, తెలిసిన పేర్లు చెప్పి వచ్చాను.

డ్రైవర్ గారూ, ఆ రోజు మీ బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, పైనుంచి మాట పడి ఉంటే క్షమించండి. సీట్లిచ్చిన అమ్మలూ, టీకొట్టు అక్కా, క్వార్టర్‌లో ఉంటున్న పెద్దమ్మగారూ, మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. గుంటూరు వైపు వస్తే మా ఇంటికి రాకుండా వెళ్లొద్దు, మెకానిక్ దగ్గర నా నంబరుంది.

ఘాట్‌కి వెళ్లేవాళ్లు పైపులే కాదు, క్లిప్పులు కూడా చూపించుకోండి. మధ్యాహ్నం రెండుకల్లా దోర్నాల దాటేయండి.

ఇంకొకటి. తుమ్మలబైలు వైపు ఎవరైనా వెళ్తే ఆ వాచర్ తమ్ముడికి చెప్పండి, మా స్టీలు డబ్బా తన దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇవ్వనక్కర్లేదు. కార్తీక మాసంలో వస్తానని, వచ్చినప్పుడు తనే తీసుకుంటానని, ఈసారి మిరపకాయలు తగ్గించి మళ్లీ నింపి ఇస్తానని అమ్మ చెప్పమంది.