గోస్తనీ నది వెంట విశాఖ: పెద్దపల్లి మిత్రుడికి ఉత్తరం

హనుమకొండ

ప్రియమైన మిత్రమా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ వైపు వరి కోతలు ముగింపుకు వచ్చి ఉంటాయి, ఇక నీకు కాస్త ఊపిరి తీసుకునే తీరిక దొరికినట్టే. విశాఖపట్నం ఎలా ఉందని మొన్న ఫోనులో అడిగావు. బస్టాండు గోలలో నిలబడి రెండు మాటల్లో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. సంక్రాంతి లోపు పిల్లల్ని తీసుకుని వెళ్ళాలనుకుంటున్నావు కదా, అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను. చదివే ఓపిక నీకుందని నాకు తెలుసు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. విశాఖ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది బీచ్ రోడ్డు మీద సాయంత్రాలు గడిపి, మధ్యలో ఒక రోజు అరకు వెళ్ళి వచ్చేస్తారు. ఊరు వేరు, కొండలు వేరు అన్నట్టు చూస్తారు. అక్కడ ఆ రెండింటినీ కలిపే నది ఒకటుంది, గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖ నగరానికి తాగునీరై, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చెరువుల కింద పుట్టి పెరిగినవాళ్ళం మనం. ఏ ఊరికి వెళ్ళినా నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగకుండా ఉండలేం. ఆ నది వెంట చూస్తేనే విశాఖ నాకు పూర్తిగా కళ్ళకు కట్టింది. నువ్వూ అలాగే చూడాలని నా కోరిక.

రైలు సంగతి సులువే. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం చీకటి పడ్డాక వరంగల్‌లో ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దింపుతుంది. మీరు పెద్దపల్లి నుంచి కాజీపేట వచ్చి ఎక్కవచ్చు. మా ఆవిడ సకినాలు, పులిహోర కట్టి తెచ్చింది, కాబట్టి దారిలో తిండికి వెతుక్కోలేదు. రాజమండ్రి వంతెన వచ్చేదాకా నేను నిద్రపోలేదు. మంథని రేవు మెట్ల మీద కూర్చుని మనం చూసిన గోదావరే, అక్కడ చీకట్లో ఎంతసేపటికీ అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పుగా ఉంది. ఆ రైలు ఎక్కితే నువ్వు కూడా మేలుకునే ఉండు.

విశాఖలో మొట్టమొదట చూడవలసింది చేపల రేవు. వేకువనే వెళ్ళాలి. ఎండ ఎక్కాక వెళితే ఖాళీ గంపలు, కరిగిన మంచు నీళ్ళు తప్ప ఏమీ మిగలవు. మేము వెళ్ళేసరికి మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ నిలిచి ఉన్నాయి. గంపలు చేతులు మారుతూ పైకి వస్తున్నాయి. చేయి పొడవు వంజరాలు, బల్లపరుపు చందువాలు, కుప్పలుగా కవళ్ళు, ఇంకా కాళ్ళు ఆడిస్తున్న పీతలు. వేలం పాట మొదలయ్యాక నాకు అచ్చం ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల ముందు నిలబడినట్టే అనిపించింది. అదే తొందర, అదే కళ్ళతో బేరం. తేడా ఒక్కటే: మిర్చి ధర నచ్చకపోతే రైతు శీతల గిడ్డంగిలో పెట్టి ఆగగలడు, చేప ఆగదు. ఎండ ఎక్కుతున్న కొద్దీ ధర దిగుతూనే ఉంటుంది. రాత్రంతా సముద్రం మీద ఉండి వచ్చినవాడు ఆ కాస్త సమయంలోనే తన కష్టానికి విలువ కట్టించుకోవాలి.

ఒక మూల గోనెపట్టా పరుచుకుని కూర్చున్న పెద్దామె కత్తిపీటను పాదంతో నొక్కిపట్టి చేపలు కోస్తోంది. తోక నుంచి తల వైపు ఒక్క గీకు గీకితే పొలుసంతా రాలిపోయింది. మొప్పల కింద వేలు పెట్టి లోపలిదంతా ఒక్కసారిగా లాగేసింది. ముక్కలన్నీ ఒకే మందంలో పడుతున్నాయి, చూపు మాత్రం మా మీదే ఉంది. ఏ ఊరని అడిగింది. వరంగల్ అన్నాను. "అక్కడ సముద్రం లేదు కదా బాబూ, మరి చేపలు ఎక్కడివి?" అంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల గురించి, మన కొరమీను గురించి చెప్పాను. చెరువు చేపను ప్రాణంతో అమ్ముతామంటే ఎంతో ఆసక్తిగా విన్నది. ఆమెతో మాట్లాడిన ఆ కాసేపు నాకు ఎన్నో దర్శనీయ స్థలాల కంటే విలువైనది.

రేవు నుంచి రాస్ హిల్‌కు వెళ్ళండి. పక్కపక్కనే మూడు చిన్న కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. పైనుంచి చూస్తే ఓడరేవులోకి వచ్చే కాలువ కాళ్ళ కిందే ఉంటుంది, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకుని వచ్చి గాలివానకు అడ్డుగా నిలబడి ఉంటుంది. 1933లో ఓడరేవు తెరిచారు. అలల తాకిడి ఆపడానికి అప్పట్లో రెండు పాత ఓడలనే అక్కడ ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు మన కాకతీయ రాజు గణపతిదేవుడు గుర్తుకొచ్చాడు. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఆయన వేయించిన అభయ శాసనం సంగతి మనం చదువుకున్నాం కదా. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకు ముందు రాజులు లాక్కునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ళ మీద దయతో న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. మోటుపల్లి విశాఖకు చాలా దక్షిణాన, బాపట్ల వైపు ఉంది, నిజమే. అయినా ఎక్కడి ఓరుగల్లు, ఎక్కడి సముద్రం! ఆ శాసనం గొప్పతనం నాకు పుస్తకంలో సగమే తెలిసింది. ఒక పెద్ద ఓడ ఆ ఇరుకు కాలువలో అంగుళం అంగుళం కదులుతూ లోపలికి రావడం చూశాక మిగతా సగం తెలిసింది.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మీ అబ్బాయికి తప్పకుండా చూపించు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుక మీద ప్రదర్శనశాలగా ఉంది. 91 మీటర్ల పొడవు, లోపల మనిషి పక్కకు తిరిగితే తప్ప ఇంకొకరు పోలేరు. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే దగ్గరుండి వివరిస్తారు. గుండ్రటి ద్వారాల గుండా వంగి దూరుతూ, టార్పెడో గొట్టాల పక్కనే వేలాడే పడకలు చూస్తూ మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకు మాకు వివరించినాయన ఎంత ఓపికగా జవాబిచ్చాడో చెప్పలేను. అక్కడే 1971 యుద్ధ స్మారకం కూడా ఉంది. ఇక ఆ తీరంలో సముద్రంలోకి దిగే విషయం: మోకాలి లోతు దాటి పిల్లల్ని పోనివ్వకు. లోపలికి లాగే ప్రవాహాలు అక్కడ బలంగా ఉంటాయి, చెరువులో ఈత వచ్చినంత మాత్రాన ఆ నీళ్ళను నమ్మకూడదు.

సింహాచలం సంగతి నీకు నేను చెప్పాలా? చందనం పూతలోని అప్పన్నను దర్శించుకుని, కొండ కింద సంపెంగలు, అనాస పండ్లు కొనుక్కుని దిగండి. కృష్ణదేవరాయల శాసనాలు ఆ గుడిలో ఉన్నాయి, అడిగి చూడు.

నీకు నచ్చుతుందని నేను గట్టిగా నమ్మేది తొట్లకొండ. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ ఆరామం. వాన నీటిని నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. భిక్షువుల గదుల పునాదులు, చైత్యాలు, స్తూపం అన్నీ ఒకే చోట. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. మీ ఇంటికి దగ్గరలోనే ధూళికట్ట స్తూపం ఉంది, కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. గోదావరి ఒడ్డున మొదలైన ఆ రాజ్యపు నాణెం ఈ సముద్రపు కొండ మీద రోము నాణెంతో కలిసి ఉంది. ధూళికట్టకు నన్ను సైకిల్ మీద తీసుకెళ్ళిన నువ్వు తొట్లకొండ చూడకపోతే ఎలా?

ఇప్పుడు కొండలకు వస్తాను. బస్సులో కాదు, ఉదయం కిరండూల్ రైల్లోనే వెళ్ళాలి. ఆ దారిని 1960లలో వేసింది ప్రయాణికుల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సొరంగం, వెలుతురు, లోయ, మళ్ళీ సొరంగం. ఒక్కో సొరంగంలో పిల్లలందరూ కేకలు వేస్తారు. మాకు ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బండి దిగుతూ వచ్చింది, లెక్కపెట్టలేనన్ని వ్యాగన్లు, అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము. శిమిలిగుడ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటాం. శాలువాలు మరవద్దు.

అరకులో ఆ రోజుల్లో వలిసె పూలు పూసి పొలాలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలో దిగి చూశాం. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో నడుము ఎత్తు కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయలను మాత్రమే ఏరి బుట్టలో వేస్తున్నారు, పచ్చివి అదే కొమ్మ మీద వదిలేస్తున్నారు. అంటే ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. మన పత్తి ఏరడం లాంటి పనే అయినా ఇక్కడ కొండ వాలు మీద నిలబడి చేయాలి. ఆదివాసీ రైతులు పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పొడి కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొను. బొంగు చికెన్ అందరూ చెబుతారు, తినదగినదే. అయితే ఎండు వెదురులో కాకుండా అప్పుడే కోసిన పచ్చి బొంగులో కాల్చే చోట తిను.

బొర్రా గుహల దగ్గర తొందరపడవద్దు. మెట్లు చాలానే ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పైనే కూర్చోవడం మంచిది. లోపల నేను ఎక్కువసేపు చూసింది పెద్ద పెద్ద ఆకారాలను కాదు. పైకప్పు నుంచి వేలాడే ఒక సన్నటి రాతి కొనను. దాని చివర ఒక నీటి బొట్టు పెరిగి, కాసేపు వణికి, కింద ఉన్న మొద్దు రాయి మీద పడింది. ఆ బొట్టులో కరిగి ఉన్న సున్నం కొంచెం పైన, కొంచెం కింద మిగిలిపోతుంది. ఆ విధంగానే పై రాయి దిగుతూ, కింది రాయి ఎదుగుతూ ఎన్నో వేల ఏళ్ళకు రెండూ కలిసి స్తంభమవుతాయి. గుహల కింద గోస్తనీ పారుతుంది. లోపలి శివలింగం పైన ఆవు పొదుగు ఆకారంలో ఉన్న రాతి నుంచే ఆ నది పుట్టిందని అక్కడివాళ్ళ నమ్మకం.

కొండ దిగిన తరువాత చివరి రోజు భీమిలికి పెట్టుకో. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. సముద్రపు ఒడ్డున అంత ఎర్రటి మట్టి, వాన నీళ్ళు కోసిన ఇరుకు లోయలు, గోడల మీద నిలువు గీతలు. అదొక భౌగోళిక వారసత్వ స్థలం. గోడను వేలితో గీస్తే పొడిగా రాలుతుంది, కాబట్టి పిల్లల్ని పైకి ఎక్కనివ్వకు. చుట్టూ ఊరు పెరుగుతోంది, ఇళ్ళు దగ్గరవుతున్నాయి. ఒకసారి చదును చేస్తే మళ్ళీ ఎవరూ తయారు చేయలేని నేల అది. దాన్ని కాపాడటం కంటే ముఖ్యమైన అభివృద్ధి పని అక్కడ ఇంకేముంటుందో నాకు అర్థం కాదు. భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులు చూసి, నది సముద్రంలో కలిసే చోటికి నడిచి వెళ్ళాం. వల విసురుతున్న ఒకాయనను, ఈ నీళ్ళు బొర్రా నుంచి వచ్చేవేనా అని అడిగాను. "ఆ పైవే. తాటిపూడి దాటి వచ్చేవే" అన్నాడు. ఆ జవాబు కోసమే అక్కడిదాకా వెళ్ళినట్టు సంతోషించాను.

తిరుగు ప్రయాణంలో వీలైతే అనకాపల్లిలో దిగి బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు చూడు, బెల్లం కొను. మాడుగుల హల్వా మా ఆవిడ కోసం నేను తెచ్చిన పెట్టెలో సగం మీ ఇంటి వాటా. వచ్చే వారం కరీంనగర్ వచ్చినప్పుడు ఇస్తాను. పిల్లల సెలవులు ఎప్పటి నుంచో వెంటనే రాయి. అరకు రైల్లో అద్దాల పెట్టెకు టికెట్లు తొందరగా అయిపోతాయి, అవి ముందు తీసుకుని ఆ తరువాతే మిగతావి చూసుకుందాం. మీతో పాటు మేము కూడా మళ్ళీ బయల్దేరాలనే అనుకుంటున్నాం, మా అమ్మాయి ఇప్పటికే సరే అంది.

నీ మిత్రుడు