రెంబ్రాంట్ వెనకున్న వ్యాపారి సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం సంచికలో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ మీద వచ్చిన వ్యాసం చదివాను. మొత్తం దివాలా, దరిద్రం, కన్నీళ్లే. ఆయన 1656లో దివాలా తీసిన మాట నిజమే కానీ, అంతకుముందు పాతికేళ్ల వయసులోనే డబ్బు, పేరు ఎలా సంపాదించాడో ఒక్క ముక్కయినా రాయకపోతే ఎలాగండీ?

లైడెన్ ఊళ్లో పిండిమర యజమాని కొడుకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్ట్‌మన్ అనే చిత్రకారుడి దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని సొంతూరికి తిరిగొచ్చి బొమ్మలు వేస్తుంటే, రాజప్రతినిధి దగ్గర కార్యదర్శిగా ఉన్న హైగెన్స్ కంట్లో పడ్డాడు (మన పిల్లలు ఫిజిక్స్‌లో కాంతి తరంగాల పాఠంలో చదివే హైగెన్స్‌కి ఈయన తండ్రి). దాంతో దర్బారు ఆర్డర్లు మొదలయ్యాయి. అయితే అసలు మలుపు హెండ్రిక్ ఉయ్‌లెన్‌బర్గ్ అనే బొమ్మల వ్యాపారి. 1631లో, ఇంకా లైడెన్‌లో ఉండగానే, రెంబ్రాంట్ ఈయన వ్యాపారంలో వెయ్యి గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) పెట్టాడు. అంటే ఈ కుర్ర చిత్రకారుడు వ్యాపారికే అప్పిచ్చాడన్నమాట! ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి ఆయన ఇంట్లోనే ఉంటూ, ఆయన తెచ్చిన బేరాలకు వరసగా పోర్ట్రెయిట్లు వేశాడు, రష్యాతో వ్యాపారం చేసే రట్స్ లాంటి డబ్బున్నవాళ్లవి, భార్యాభర్తల జంట బొమ్మలు, ఇంకా ఎన్నో. 1632లో సర్జన్ల సంఘం కోసం వేసిన డాక్టర్ టుల్ప్ శవ పరీక్ష పాఠం బొమ్మతో ఊరంతా పేరు మోగిపోయింది. ఆ రోజుల్లోనే సంతకంలో ఇంటిపేరు తీసేసి ఒట్టి రెంబ్రాంట్ అని పెట్టడం మొదలెట్టాడు. ఇటలీ మహామహులు మైకెలాంజెలో, రాఫెల్, టిషియన్‌లను జనం అలా మొదటి పేరుతోనే పిలిచేవాళ్లు మరి. ఆ ధీమా చూడండి! 1634లో ఆ వ్యాపారి బంధువుల అమ్మాయి సాస్కియాను పెళ్లి చేసుకున్నాడు, ఆవిడ తండ్రి ఒకప్పుడు మేయరు.

బేరం కూడా గట్టిగానే చేసేవాడు. దర్బారుకు పంపిన చివరి రెండు బొమ్మలకు ఒక్కోదానికి వెయ్యి అడిగి ఆరు వందలకు ఒప్పుకున్నాడు, పైగా డబ్బు త్వరగా ఇప్పించమని హైగెన్స్‌కు ఉత్తరాలు రాశాడు. అదే 1639లో పదమూడు వేల గిల్డర్ల ఇల్లు కొన్నాడు, అదీ ఉయ్‌లెన్‌బర్గ్ ఇంటి పక్కనే. తర్వాత మెడకు చుట్టుకున్నది ఆ ఇంటి బాకీయే. అంటే మీ వ్యాసంలోని దివాలా కథకు కూడా వేరు ఈ మంచి రోజుల్లోనే ఉంది, అది వదిలేస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది చెప్పండి.

మా చుట్టుపక్కల బొమ్మలు వేసే కుర్రాళ్లు ధర చెప్పడానికి మొహమాటపడిపోతుంటారు, వాళ్లకు పనికొచ్చే భాగం ఇదే. చోటు చాలకపోతే పెళ్లి సంగతి కత్తిరించండి, ఆ వెయ్యి గిల్డర్ల సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు