వానలు పడేదాకా కుండీ మార్చకండి

అందరికీ నమస్తే. నిన్న హన్మకొండ అక్క పెట్టిన జువ్వి బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) ఫోటో చూసిన. వేర్లు కుండీ చుట్టూ తిరిగి కింది బెజ్జంలోంచి బయటికొచ్చినయ్. కుండీ మార్చాల్సిందే అక్కా, కానీ ఇప్పుడు కాదు.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతయంటరు. మన దగ్గర 43 డిగ్రీలు కొట్టే రోజుల్లో కుండీ మార్చడానికి వేర్లు కోస్తే ఆకులు అడిగినన్ని నీళ్లు మొక్క అందించలేదు. మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడనియ్యండి. మర్రి, రావి, జువ్వికి అప్పుడు వేర్లు తొందరగా పుడతయ్. లేత మొక్కకు మూడో వంతుకు మించి వేర్లు తియ్యొద్దు. తీసినాక రెండు మూడు వారాలు నీడలో పెట్టండి, నెల దాకా ఎరువు వద్దు.

వేర్లు, కొమ్మలు ఒకేరోజు బాగా కోసేయకండి. పోయినేడు నేను నా రావికి అట్లనే చేసిన. కోసినచోట పాలు కారి ఎండినయ్, పదిహేను రోజులకు కొసలు నల్లబడ్డయ్, ఇక చిగురే రాలే. మూడేండ్లు పెంచిన మొక్క, ఇప్పటికీ బాధే. ఆకులుంటేనే వేర్లకు తిండి. కొత్త చిగురు గట్టిపడినాకే కత్తెర పట్టండి.

ఇంకోటి, మాను లావు కావాలంటే కింది కొమ్మనొకదాన్ని రెండు మూడేండ్లు కోయకుండా వదిలేయండి. చూడ్డానికి బాగుండదు, అయినా మాను ఊరేది దానితోనే. కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టినవాళ్లు వానాకాలంలో వారానికోసారి చూసుకోండి, లేకుంటే తీగ బెరడులోకి దిగిపోతది.

అక్కా, వేర్లు కడిగినాక ఫోటో పెట్టు, ఎక్కడ కోయాలో చూద్దాం.