షేరింగ్ స్లో అయితే ముందు వైరు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న ఫొటో స్టూడియో. ఫొటోలు మా ఆయన తీస్తారు, ఆల్బమ్ డిజైన్ నేను చేస్తాను. మీ పేపర్లో కొత్త ఫోన్ల గురించి, యాప్‌ల గురించి రాస్తుంటారు, ఇంట్లో అందరం చదువుతాం, కానీ ఒకే షాపులో రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు కదలక మాలాంటోళ్లు పడే బాధ గురించి ఎక్కడా కనబడలేదు, అందుకే ఈ ఉత్తరం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. మా పాత సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కదంది, బంగారంలా పనిచేస్తున్నదాన్ని తుక్కుకి ఎలగ ఇచ్చేస్తామని దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించి ముందు గదిలోకి మార్చాం, కెమెరా కార్డుల్లో ఫొటోలన్నీ దాంట్లో దింపుతాం, నేను లోపలి గదిలో విండోస్ 11 సిస్టమ్ నుంచి నెట్‌వర్క్‌లో తీసుకుంటాను. మధ్యలో పనిచేసేది శాంబా. విండోస్ ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్ఎంబీ పద్ధతి లినక్స్‌కి కూడా అర్థమయ్యేలా చేసేది అదే, 1992 నుంచీ ఉంది, కొత్త వింతేం కాదు.

ఆ రోజు నుంచే తిప్పలు మొదలు. ఒక పెళ్లంటే 40 జీబీ, అది ఇటు రావడానికి గంట. గజపతినగరం నుంచి వచ్చిన పెళ్లికూతురి నాన్నగారు బెంచీ మీద కూర్చుని "ఇంకా అవ్వలేదేటమ్మా, బస్సు ఎల్లిపోద్ది" అంటుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

రిపేర్ చేసే అబ్బాయిని పిలిస్తే "లినక్స్‌కీ విండోస్‌కీ పడదు మేడమ్" అన్నాడు, ఎస్ఎంబీలో పాతకాలం వెర్షన్ ఎస్ఎంబీ1 ఆన్ చేశాడు, బయటి నుంచి చొరబాట్లు ఆపే ఫైర్‌వాల్ తీసేశాడు, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. స్పీడ్ ఇసుమంత కూడా పెరగలేదు.

పాలిటెక్నిక్ చదివే మా మరిది ఆదివారం వచ్చి, ఏమీ ముట్టుకోకుండా కాపీ అవుతున్న బాక్సునే చూస్తూ కూర్చున్నాడు. ఎంత పెద్ద ఫైలైనా సెకనుకి 11.2 ఎంబీ, 11.3 ఎంబీ, గీత గీసినట్టు అక్కడే. "వదినా, ఇది సాఫ్ట్‌వేర్ గొడవలా లేదు, లింకు వంద దగ్గర ఆగిపోయింది" అన్నాడు. లింకు స్పీడ్ లెక్క మెగాబిట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు, 100 మెగాబిట్లని 8తో భాగిస్తే 12.5 ఎంబీ, అడ్రసులూ అవీ మోసే మోతకూలీ పోగా చేతికొచ్చేది 11 చిల్లరే. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ తెరిస్తే నిజంగానే లింక్ స్పీడ్ 100/100 అని ఉంది, రెండు సిస్టమ్‌లనీ కలిపే మా స్విచ్ ఏమో గిగాబిట్‌ది, అంటే వెయ్యి మెగాబిట్లది. తలుపు కింద నుంచి వైరు లాగాడు. గడప దగ్గర జానెడు మేర అప్పడంలా నలిగిపోయి ఉంది, పై తొడుగు కోసి చూస్తే గోధుమరంగు జత తీగలు రెండూ తెగిపోయున్నాయి. వెయ్యి స్పీడ్‌కి ఎనిమిది తీగలూ కావాలి, వందకైతే నారింజ జత, ఆకుపచ్చ జత నాలుగు తీగలు చాలు, అందుకే లైటు వెలుగుతూనే ఉంది, ఫైళ్లు వస్తూనే ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. సిస్టమ్ గది మార్చినప్పుడు వైరు నలిపింది మేమే, తిట్లు తిన్నది లినక్స్. కొత్త క్యాట్ 6 వైరు వేశాక అదే 40 జీబీ ఏడు నిమిషాల్లో వచ్చేసింది.

ఫోల్డర్ తెరుచుకోడానికి మాత్రం ఇంకా అరనిమిషం పట్టేది. కంప్యూటర్ పేరు బదులు నెట్‌వర్క్‌లో దాని అడ్రసైన ఐపీ నంబర్ కొడితే టక్కున తెరుచుకుంది, అంటే పేరు వెతుక్కోవడంలోనే ఆలస్యం, రౌటర్‌లో ఆ సిస్టమ్‌కి ఒకే ఐపీ ఉండేలా పెట్టుకున్నాం. వేల చిన్న ఫైళ్లుంటే ఎలాగూ నెమ్మదే, ఒక్కో ఫైలుకీ తెరవడం మూయడం ఉంటుంది, జిప్ చేసి పంపితే బేగి అవుతుంది.

నాకు అసలు భయమేసింది ఆ ఎస్ఎంబీ1 సంగతి తెలిశాక. 2017 మేలో ప్రపంచమంతా కంప్యూటర్లని తాళం వేసేసిన వాన్నాక్రై వైరస్ పాకింది ఈ పాత ఎస్ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే, ఆ ఏడాది చివర్నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని దానంతటదే ఉండకుండా తీసేస్తూ వచ్చింది. అలాంటిది ఆన్ చేసి ఫైర్‌వాల్ కూడా తీసేస్తే, జనం జీవితంలో ఒక్కసారి తీయించుకునే పెళ్లి ఫొటోలు మా దగ్గర ఏ ధైర్యంతో ఉన్నట్టు? రెండూ వెంటనే సరిచేశాం. 24హెచ్2 అప్‌డేట్ వచ్చిన విండోస్ 11 ప్రోలో పాస్‌వర్డ్ లేని షేర్లు మామూలుగా తెరుచుకోవు, దానికి కూడా కొందరు ఆ రక్షణే తీసేయమంటున్నారు, దానికి బదులు శాంబాలో ఒక యూజర్‌ని, పాస్‌వర్డ్‌ని పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

పాత సిస్టమ్‌లో లినక్స్, కొత్తదాంట్లో విండోస్ పెట్టుకున్న డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు, ఆడిటర్ ఆఫీసులు మన జిల్లాలో మాలాగే ఇంకా ఉంటాయి. దయచేసి మీ టెక్నాలజీ పేజీలో ఒక్కసారైనా దీని గురించి తెలుగులో వివరంగా వేయండి, లింక్ స్పీడ్ ఎక్కడ చూడాలో ఫొటోతో సహా. హార్డ్‌వేర్ కోర్సులు చెప్పే సార్లకి కూడా ఒక విన్నపం, పిల్లలకి విండోస్, లినక్స్ పక్కపక్కన పెట్టి షేరింగ్ చేయించండి, తెగిన వైరు ఒకటి కావాలని ఇచ్చి కనిపెట్టమనండి. మా నలిగిన వైరు ముక్క దాచే ఉంచాను, అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఆల్బమ్ డిజైనర్,
విజయనగరం