రికవరీ డిస్కుల ప్రోగ్రాంలో లెక్క తప్పింది, సరిచేసి డిస్కుల సెట్ పంపండి

తెనాలి,
జూలై 2012

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: మూడు డీవీడీలు చాలని చెప్పి, మూడోది నిండాక ఆగిపోయిన మీ రికవరీ ప్రోగ్రాం గురించి.

తెనాలిలో మాకు డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అంతా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే పని. దాని కోసమే మీ డెస్క్‌టాప్ కొన్నాం, ఇంకా వారంటీలోనే ఉంది. విండోస్ 7 కి డబ్బు కట్టించుకున్నారు కానీ డబ్బాలో విండోస్ డిస్క్ మాత్రం పెట్టలేదు. హార్డ్ డిస్క్‌లోనే ఒక మూలన రికవరీ పార్టిషన్, అంటే విండోస్ మళ్లీ ఎక్కించుకోవడానికి కావాల్సినవి దాచిన భాగం పెట్టి, డిస్కులు మీరే కాపీ చేసుకోండి అని ఒక చీటీ ఇచ్చారు. హార్డ్ డిస్క్ పోతే ఆ పార్టిషన్ కూడా దానితోనే పోతుంది కదండీ, అంటే ఆ డిస్కులు తప్ప మాకు వేరే దిక్కు లేదు. అందుకే కొనగానే మంచి కంపెనీ డీవీడీలు తెచ్చి పని మొదలుపెట్టాం.

మీ ప్రోగ్రాం ముందు "14 జీబీ, 3 డీవీడీలు కావాలి" అని చూపించింది. మొదటిది, రెండోది బాగానే రాసింది. మూడోది నిండిపోయాక "డిస్క్‌లో చోటు లేదు" అని ఒక బాక్స్ వచ్చింది, కింద ఓకే బటన్ ఒక్కటే. నాలుగోది పెట్టమని అడగలేదు. ఆ డిస్క్ తీసి వెలుతురులో పెట్టి చూస్తే రాసిన భాగం రంగు మారి అంచు దాకా కనిపిస్తోంది, అంటే నిజంగానే చోటు అయిపోయింది, డ్రైవ్ లోపమో డిస్క్ లోపమో కాదు. మళ్లీ ప్రోగ్రాం తెరిస్తే "ఈ కంప్యూటర్‌కు రికవరీ డిస్కులు ఇప్పటికే తయారయ్యాయి, ఒక్కసారి మాత్రమే అనుమతి" అంటోంది. తయారు కాని సెట్‌ను తయారైనట్టు ఎలా రాసుకుంటుందండీ మీ ప్రోగ్రాం?

తప్పు ఎక్కడుందో నేనే చెబుతాను, దయచేసి ఈ పేరా మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు చూపించండి. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది, ఆ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, అంటే డిస్క్‌లో పట్టేది 470 కోట్ల బైట్లు. విండోస్ చూపించే జీబీ వేరు, మూడు 1024 లను ఒకదానితో ఒకటి హెచ్చించి వేసే లెక్క అది, ఒక్కో జీబీకి 107 కోట్లకు పైగా బైట్లు. కాబట్టి విండోస్ లెక్కలో డీవీడీకి పట్టేది సుమారు 4.37 జీబీ, మూడింటికీ కలిపి 13.1 జీబీ. మీ ప్రోగ్రాం విండోస్ చూపించిన 14 ను డీవీడీ మీది 4.7 తో భాగించి మూడు సరిపోతాయని తేల్చినట్టుంది. మిగిలిన దాదాపు 0.9 జీబీ ఎక్కడికి పోతుంది? నాలుగో డిస్క్‌కే పోవాలి. విండోస్ 7 లో ఉన్న మామూలు బ్యాకప్ కూడా ఒక డిస్క్ నిండితే ఇంకోటి పెట్టమని అడుగుతుంది, మీది ఎందుకు అడగదు?

పోనీ రెండు పొరల్లో రాసే డబుల్ లేయర్ డీవీడీలో రాద్దామా అంటే దాన్ని తీసుకోదు. అవి రెండుంటే మొత్తం పడుతుంది, ఒక్కోదానిలో విండోస్ లెక్కన 7.9 జీబీ వస్తుంది. చెరిపి మళ్లీ రాసుకునే రీరైటబుల్ డీవీడీ పెడితే ఒప్పుకోదు. 16 జీబీ పెన్‌డ్రైవ్ చూపిస్తే అసలు లిస్టులోకే రాదు. వేగం తగ్గించుకునే వీలు కూడా ఇవ్వలేదు. డీవీడీ లోపలి నుంచి బయటి అంచుకు రాసుకుంటూ పోతుంది, నిండుగా రాసినప్పుడు ఎర్రర్లు ఎక్కువగా వచ్చేది ఆ అంచు దగ్గరే, అందుకే మాలాంటి వాళ్లం ముఖ్యమైన డిస్క్ ఏదైనా నిదానంగా రాసుకుంటాం.

మా దగ్గర కరెంటు కోతల సంగతి మీకు తెలిసే ఉంటుంది. మా చిన్న యూపీఎస్ పని సేవ్ చేసి సిస్టం ఆపుకోవడానికి సరిపోతుంది గానీ, మూడు డీవీడీలు వరసగా రాసి ఆ తర్వాత చెక్ చేసేంతసేపు ఆగదు. మధ్యలో కరెంటు పోతే ఆగిన డిస్క్ దగ్గర నుంచి మొదలుపెట్టే దారి మీ ప్రోగ్రాంలో లేదు. ఒక్కసారే అనుమతి అనే రూల్ పెట్టినవాళ్లు ఈ దేశంలో అమ్మే ముందు ఇది ఆలోచించాల్సింది. కరెంటు ఎప్పుడు పోతుందో అన్న టెన్షన్‌తో స్క్రీన్ ముందు కూర్చున్నాం, తీరా చూస్తే కరెంటు ఉండగానే ఆగిపోయింది.

మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే డీవీడీల కంపెనీ మార్చి చూడమన్నారు. ఒక్కసారే అనుమతి ఉన్నప్పుడు మార్చి ఎలా చూడాలో ఆ అబ్బాయి చెప్పలేకపోయాడు, అతన్ని ఏమీ అనను, అతని ముందున్న కాగితంలో అదే రాసి ఉంటుంది. సిస్టం సర్వీస్ సెంటర్‌కు తెస్తే డబ్బు తీసుకుని విండోస్ మళ్లీ ఎక్కిస్తాం, డేటా మాత్రం మొత్తం పోతుంది అన్నారు. సిస్టం ఇప్పుడు చక్కగా పనిచేస్తోందండీ! బాగున్న సిస్టంను ఫార్మాట్ చేయించుకుని, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, కస్టమర్ల ఫైళ్లు అన్నీ మళ్లీ పెట్టుకోవాలా? మాకు కావాల్సింది పాడైన రోజున వాడుకోవడానికి డిస్కులు, అంతే. శ్రావణం ముహూర్తాల ముందు శుభలేఖల పని మీద ఉన్నప్పుడు హార్డ్ డిస్క్ పోతే, పెళ్లివారికి నేను మీ రూల్ చెప్పి తప్పించుకోలేను.

డిస్కులు ఇవ్వకపోవడం వల్ల మీకు మిగిలేది సిస్టంకు కొద్ది రూపాయలు. ఆ పని మా మీద పెట్టినప్పుడు కనీసం అది సరిగ్గా జరిగేలా చూడాల్సిన బాధ్యత మీదే.

నాకు కావాల్సినవి ఇవి. మా మోడల్‌కు సరిపోయే రికవరీ డిస్కుల పూర్తి సెట్ ఉచితంగా, కొరియర్ ఖర్చు కూడా అడగకుండా పంపండి. మా సిస్టంలో పడిన "ఇప్పటికే తయారయ్యాయి" అన్న గుర్తు తీసేసే దారి చెప్పండి, సెట్ పూర్తయి చెక్ కూడా అయ్యాకే ఆ గుర్తు పడేలా ప్రోగ్రాం మార్చండి. ఏ రకం డిస్క్ పెడుతున్నామో ముందే చూసి లెక్క వేయాలి, ఒక్కో డిస్క్ రాయగానే అప్పుడే చెక్ చేయాలి, చెడిపోతే ఆ ఒక్కదాన్నే మళ్లీ రాయనివ్వాలి. పెన్‌డ్రైవ్‌కు రాసే వీలు ఇస్తే ఈ గొడవే ఉండదు. కొత్త వెర్షన్ వచ్చాక మీ సైట్‌లో పెట్టి, ఈ మోడల్ కొన్నవాళ్లందరికీ తెలియజేయండి, ఎందుకంటే చాలామందికి ఈ లోపం తెలిసేది హార్డ్ డిస్క్ పోయిన రోజునే.

బిల్లు కాపీ, సీరియల్ నంబర్ కనిపించే ఫోటో, ఆ ఎర్రర్ బాక్స్ ఫోటో జతచేస్తున్నాను. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోన్‌లో చెబితే కుదరదు. రాకపోతే ఇవే కాగితాలతో గుంటూరు జిల్లా వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
డీటీపీ సెంటర్ యజమాని, తెనాలి